యాగంటి, అవుకు: నీళ్లకు నూటికి నూరు, కారుకు సున్నా

కర్నూలు ఎండలకు తట్టుకోలేక, నీళ్లున్న చోటికి ఎక్కడికైనా పోయి ఒక పూట ఉండి వద్దామనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను. యాగంటి కోనేరుకు పోండి. అక్కడి నుంచి అవుకు చెరువుకు పోండి. రెండూ ఒక్క రోజులో హాయిగా అయిపోతాయి. కారు మాత్రం "అన్నీ కలిపి ఇంత" అనే ట్రావెల్స్ దగ్గర మాట్లాడుకోవద్దు. తప్పకపోతే ఆ "అన్నీ"లో ఏమేం కలిశాయో వాట్సాప్‌లో రాయించుకోండి.

మేము నలుగురం. మా ఆయన, మా అత్తమ్మ, పరీక్షలయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న మా పాప, నేను. అత్తమ్మకు యాగంటి బసవన్నను చూడాలని ఎప్పటి నుంచో కోరిక. పాపకు నీళ్లు కావాలి, ఫోటోలు కావాలి. మా ఆయనకు ఆదివారం పూట ఇంట్లో పడుకుంటే చాలు. ఇంట్లో ఉన్నది స్కూటరే కాబట్టి కారు బాడుగకు మాట్లాడాం. రోజంతా 3,200 రూపాయలు, డీజిల్‌తో సహా, 250 కిలోమీటర్ల దాకా, ఏసీ కారు. "ఇంకేముండదు మేడం, టోల్ ఒక్కటే మీది" అన్నాడు ఫోన్లో.

పొద్దున ఐదున్నరకు రావాల్సిన కారు ఆరూ యాభైకి వచ్చింది. డ్రైవర్ పిల్లోడు పాతికేళ్లవాడు, మాట మర్యాదగానే ఉంది. "ఓర్వకల్లులో ఒక పార్టీని దింపి వచ్చేసరికి లేటయింది మేడం, ఏమనుకోవద్దండి" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, సాయంత్రం పనికొస్తుంది.

ఓర్వకల్లు దాకా ఏసీ వేశాడు. రాక్ గార్డెన్ రాళ్లు కనిపిస్తుండగానే తీసేశాడు. ఏమయ్యా అంటే, "ఏసీ కావాలంటే 500 ఎక్స్‌ట్రా అని ఓనర్ చెప్పినాడు" అన్నాడు. మా ఆయన ఓనర్‌కు ఫోన్ చేశాడు. "ఏసీ కారు అన్నాను సార్, ఏసీ వేస్తామని అన్నామా?" అని అటు నుంచి జవాబు. దానికి మా ఆయన దగ్గర మాట లేదు. నా దగ్గర చాలానే ఉన్నాయి గానీ, "గుడికి పోతా ఉన్నాం, పొద్దున్నే గొడవెందుకు లేమ్మా" అని అత్తమ్మ ఆపింది. అద్దాలు దించుకుని కూర్చున్నాం. పాప ముఖం అప్పుడే మాడిపోయింది.

టిఫిన్‌కు పాణ్యం దగ్గర్లో ఒక హోటల్ ముందు అడక్కుండానే ఆపాడు. బయట అన్నీ ట్రావెల్స్ కార్లే. ఉగ్గాని ప్లేటు 90 రూపాయలు! కర్నూల్లో మా వీధి చివర బండి మీద 40 రూపాయలకు రెండు బజ్జీలతో ఇస్తాడు, పైన పుట్నాల పొడి చల్లి మరీ. ఇక్కడ బొరుగులు సరిగా నానలేదు, పచ్చిమిర్చి వాసన లేదు, పక్కన నిన్నటి బజ్జీ ఒకటి. నలుగురి టిఫిన్, కాఫీలు కలిపి 410 అయింది. డ్రైవర్ పిల్లోడు మాత్రం లోపల వంటగది పక్కన కూర్చుని వేడివేడి పూరీలు తిన్నాడు. వాడి దగ్గర డబ్బులు తీసుకున్నట్టు కనిపించలేదు. ఇంటి దగ్గరే తినేసి బయలుదేరండి, లేదంటే బనగానపల్లె ఊళ్లోకి పోయి తినండి.

పాణ్యం దగ్గర హైవే వదిలాక దారి బాగానే ఉంది, కాకపోతే నాపరాళ్ల లారీలు ఎక్కువ. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి. పలకలుగా కోసి ఎక్కడెక్కడికో పంపుతారు, మన ఇళ్లలో సగం బండలు ఇక్కడివే. అద్దాలు దించిన కారులో ఆ తెల్ల దుమ్ము మా జుట్టుకు బాగా పట్టింది. బనగానపల్లె నుంచి యాగంటి దగ్గరే.

యాగంటికి చేరేసరికి పది కావస్తోంది. ఎనిమిదిన్నరకు చేరి ఉంటే ఎంత బాగుండేదో అక్కడ చెప్పులు విడిచాక తెలిసింది. బండలు కాలిపోతున్నాయి. అత్తమ్మ కొంగు వేసుకుని దాని మీద అడుగు, మళ్లీ తీసి ముందు వేసుకుని ఇంకో అడుగు. ఆమెను అలా చూశాక నాకు ఆ గంటా ఇరవై నిమిషాల మీద వచ్చిన కోపం సాయంత్రం దాకా దిగలేదు. మే నెలలో పోయేవాళ్లు పాత సాక్సులు ఒక జత సంచిలో వేసుకోండి.

కోనేరు చూశాక మాత్రం ఎవరూ ఏమీ మాట్లాడలేదు కాసేపు. చుట్టూ ఎర్రటి కొండ, మధ్యలో రాతి మెట్ల కోనేరు, నీళ్లు లేత పచ్చగా, అడుగు మెట్టు మీద పడిన రూపాయి బిళ్ల కనిపించేంత తేటగా. కొండలోంచి ఊరే నీళ్లు నంది నోట్లోంచి ఎడతెగకుండా పడుతూనే ఉంటాయి, ఎండాకాలమైనా ఎండవు. ఊరంతా ట్యాంకర్ల కోసం చూసే నెలలో ఇన్ని నీళ్లు ఊరికే పారుతుంటే చూడటం రాయలసీమవాళ్లకు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అత్తమ్మ మూడు మునకలు వేసి నాలుగోది కూడా వేసింది. మా ఆయన మోకాళ్ల దాకా దిగి అక్కడే కూర్చుండిపోయాడు, దర్శనానికి లేపడం కష్టమైంది. పాప ఫోన్ నాకిచ్చేసి దిగింది, అంతకంటే చెప్పేదేముంది. ఆడవాళ్లు మందంగా ఉండే చుడీదారో, ముదురు రంగు చీరో కట్టుకుని పోండి, మార్చుకోడానికి ఒక దుప్పటి పెట్టుకోండి. షాంపూ, సబ్బు మాత్రం దయచేసి వద్దు. మా పక్కనే ఒకాయన తలంతా నురగ చేసుకుని దిగబోతే అత్తమ్మే కేక వేసింది.

గుడి విజయనగర రాజుల కాలం నాటిది. శివాలయాల్లో మామూలుగా లింగం ఉంటుంది, ఇక్కడ ఉమామహేశ్వరులు ఒకే రాతిలో విగ్రహంగా ఉంటారు. అగస్త్యుడు ఇక్కడ వేంకటేశ్వరుడి గుడి కట్టాలనుకుంటే విగ్రహం కాలిగోరు విరిగిందనీ, అందుకే శివుడి గుడి అయిందనీ కథ. ఆ వేంకటేశ్వరుడు పక్క గుహలో ఉన్నాడు. అగస్త్యుడి గుహకు మెట్లు నిటారుగా, నూరుకు పైనే. నేనూ పాపా ఎక్కాం, మా ఆయన కోనేటి దగ్గరి నుంచే దండం పెట్టాడు.

బసవన్న దగ్గర అత్తమ్మ చాలాసేపు నిలబడింది. ఆమె చిన్నప్పుడు వాళ్ల అవ్వ ఈ నంది చుట్టూ ప్రదక్షిణ చేసిందట. ఇప్పుడు స్తంభాలకూ నందికీ మధ్య మనిషి పట్టే సందు లేదు. రాయి పెరుగుతోందని అందరూ చెప్పేదే. కలియుగాంతానికి ఈ బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మం గారు చెప్పిన మాట మా వైపు పిల్లలకు కూడా తెలుసు. పాప ఇవన్నీ వదిలేసి కాకుల కోసం వెతికింది. అగస్త్యుడి శాపం వల్ల యాగంటిలో కాకి వాలదంటారు కదా. మేమున్నంతసేపూ కనిపించలేదు గానీ, ఆ ఎండకు ఏ పిట్టా కనిపించలేదు.

పన్నెండుకు కారెక్కి అవుకు అనగానే, "అవుకు ప్యాకేజీలో లేదు మేడం" అన్నాడు డ్రైవర్. మళ్లీ ఓనర్‌కు ఫోన్. ఈసారి నేనే చేశాను. 250 కిలోమీటర్లు నావి, ఆ లోపల యాగంటికి పోతానో, అవుకుకు పోతానో, మా ఇంటి చుట్టూ తిరుగుతానో నా ఇష్టం అన్నాను. "పోండి మేడం, ఎందుకంత టెన్షన్" అన్నాడాయన. నాకు టెన్షన్ అట!

బనగానపల్లెలో డ్రైవర్ ఆపిన మామిడి అంగడిలో కిలో 120 అన్నారు. ఏ పండుకైతే 2017లో జీఐ గుర్తింపు వచ్చిందో, ఆ పండు పేరున్న ఊళ్లోనే కర్నూలు కంటే ఎక్కువ రేటు! ఊరు దాటాక అవుకు రోడ్డు మీద ఒక ముసలాయన తోట ముందు గంపలో పెట్టుకుని కూర్చుంటే కిలో 70 లెక్కన ఐదు కిలోలు తీసుకున్నాం. పైన ఆకుపచ్చ మచ్చ ఇంకా పోలేదు, రెండు రోజులు గడ్డిలో వేసి తినమని చెప్పాడు. నిగనిగలాడుతూ ఒకే పసుపు రంగులో ఉన్నవి కొనకండి.

అవుకు రిజర్వాయర్ యాగంటి కోనేరులా కాదు, ఇది కళ్లకు అందనంత నీరు. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలో పడి, బానకచెర్ల, గోరుకల్లు దాటి ఇక్కడికి వస్తాయి. ఇక్కడి నుంచి సొరంగాల్లో గండికోట వైపు పోతాయి. ఇంత దూరం వచ్చేసరికి మట్టి ఎక్కడికక్కడ దిగిపోతుంది కాబట్టేమో, కొండ పక్కన ఒడ్డు నీళ్లు నీలంగా, అడుగున గులకరాళ్లు కనిపిస్తూ ఉన్నాయి. దూరంగా ఒకరిద్దరు పుట్టిలో వల వేస్తున్నారు. ఒంటిగంట ఎండలో బోటు ఎక్కే ధైర్యం మాకు లేదు. కాళ్లు తడుపుకోడానికి బాగుంటుంది, అంతవరకే. ఒడ్డు ఎక్కడ ఉన్నట్టుండి లోతవుతుందో తెలియదు, పిల్లలను ఈతకు వదలకండి.

ఈ రోజంతటిలో డబ్బులిచ్చి సంతోషపడింది అవుకులోనే. ఊళ్లో ఒక ఇంటి ముందు రేకుల పందిరి, బోర్డు కూడా లేదు. ఒక పెద్దమ్మ కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు కాలుస్తోంది. పక్కన ఆమె కోడలు చేపల పులుసు. చేప పొద్దున చెరువులో పట్టిందే. రొట్టె 15, పులుసు ప్లేటు 90. అత్తమ్మ దర్శనం చేసుకుని వచ్చింది కాబట్టి నీసు ముట్టనంది. "దానికేముందిలేమ్మా" అని ఆ పెద్దమ్మ వాళ్ల ఇంట్లోకి వండుకున్న వంకాయ కూర, శెనక్కాయల ఊరుబిండి, ఒక ఉల్లిగడ్డ చితక్కొట్టి పెట్టింది, దానికి డబ్బులు వద్దంది. పొద్దుటి నుంచి ముభావంగా ఉన్న అత్తమ్మ ఆమెతో జొన్నల రేటు దగ్గర మొదలుపెట్టి ఎవరి చుట్టాలు ఏ ఊళ్లో ఉన్నారో దాకా వెళ్లిపోయింది. చేపల పులుసులో మామిడికాయ పులుపు, ఎర్రకారం, చిక్కగా కాకుండా రొట్టెకు పట్టేంత. మా ఆయన మూడో రొట్టె అడిగాడు, ఇంట్లో రెండు దాటడు. తొమ్మిది రొట్టెలు, రెండు పులుసులు, నాలుగు మజ్జిగలు కలిపి 355 రూపాయలు. డ్రైవర్‌ను కూడా తినమంటే పొద్దుటి పూరీలే అరగలేదన్నాడు. ఆ పందిరి కిందే నులక మంచం వేసి ఇచ్చింది, నాలుగు దాకా అక్కడే పడుకున్నాం.

ఆరున్నరకు ఇల్లు. ఇప్పుడు బిల్లు. బాడుగ 3,200. మీటరు 274 తిరిగిందట, అదనంగా 24 కిలోమీటర్లకు 14 చొప్పున 336. డ్రైవర్ బేటా, అంటే వాడి రోజు భత్యం, 400. వెయిటింగ్ 300. ఏసీ 500. మొత్తం 4,736. ఓర్వకల్లు దాకా వేసిన ఏసీకి 500!

పాప రోజంతా ఫోన్లో మ్యాప్ పెట్టుకుని ఉంది. దాని లెక్క 231. ఈ 43 కిలోమీటర్ల తేడా ఎక్కడిదని మేం తల పట్టుకుంటుంటే పాపే అంది, "మమ్మీ, పొద్దున ఓర్వకల్లుకు డ్రాపింగ్ అన్నాడు కదా. పోను రాను అంతే ఉంటుంది." రాత్రి షెడ్డులో తీసిన రీడింగే మా మీద వేశారు. డ్రైవర్ పిల్లోడు తల దించుకున్నాడు. "ఆ బేటాలో నాకిచ్చేది వందే సార్" అని మెల్లగా అన్నాడు. ఫోన్లో ఓనర్ గంటసేపు లెక్కలు చెప్పాడు, చివరికి 4,000 దగ్గర తెగింది. దాని మీద పిల్లోడి చేతిలో 100 పెట్టాను. మా ఆయన ఎందుకని అడిగాడు, నేను జవాబు చెప్పలేదు.

కారు ఎక్కగానే మీటరు ఫోటో తీసి ఓనర్‌కు పంపండి. బేటా, వెయిటింగ్, ఏసీ, ఏయే ఊళ్లు, నాలుగూ రాతలో ఉండాలి. డ్రైవర్ ఆపిన చోట తినొద్దు, కొనొద్దు. ముసలివాళ్లు లేకపోతే అసలు కారే అక్కర్లేదు: కర్నూలు నుంచి బనగానపల్లెకు ఆర్టీసీ బస్సులున్నాయి, అక్కడి నుంచి ఆటో. నేను బనగానపల్లెలో అడిగాను, యాగంటి పోను రాను, రెండు గంటలు ఆగి, 600 చెప్పారు. బేరమాడితే 500కు వస్తారు. పొద్దున మొదటి బస్సుకు పోయి ఎండెక్కేలోగా కోనేరు చూసుకోండి, అవుకుకు నాలుగు తర్వాత చేరండి. జొన్న రొట్టెలు కావాలంటే మాత్రం మధ్యాహ్నమే పోవాలి, రెండున్నరకు ఆ పొయ్యి ఆర్పేస్తారు.