యాంగ్‌చిన్: ఏళ్లుగా వాయిస్తున్న అనుభవంతో

సింగపూర్‌లో మా పేట చైనా వాద్యబృందంలో చేరినప్పటి నుంచీ యాంగ్‌చిన్ వాయిస్తున్నాను. ఇది తీగల మీద పుల్లలతో కొట్టి వాయించే చైనా వాద్యం. నా దగ్గరున్నది 402 మోడల్. 140కి పైగా తీగలు, నాలుగు స్థాయిలకు మించిన పలుకు. మన సంతూర్‌కు ఇది దగ్గరి చుట్టం. పర్షియా వైపు నుంచి మింగ్ వంశపు చివరి కాలంలో ఓడల మీద దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ తీరానికి చేరిందని ఎక్కువమంది చెప్పే చరిత్ర.

నన్ను దీనికి కట్టిపడేసినవి వెదురు పుల్లలు. చాలా సన్నగా ఉంటాయి, వంగుతాయి, కొనకు రబ్బరు తొడుగు ఉంటుంది. ఆ వంపు వల్లే పుల్ల తీగ మీద పడి తనంతట తాను ఎగురుతుంది, వేగం సులువుగా వస్తుంది. పుల్లను తిరగేసి ఉత్త వెదురుతో కొడితే నాదం పదునెక్కుతుంది. పై స్వరాల బ్రిడ్జి (తీగలను కింద నుంచి మోసే చెక్క) తీగను 2:3 పాళ్లలో విడదీస్తుంది కాబట్టి కుడిపక్క సా పలికిన తీగే ఎడమపక్క పా పలుకుతుంది. కర్ణాటక సంగీతం తెలిసిన చేతికి ఈ అమరిక తొందరగా పట్టుబడుతుంది. గమకాలు మాత్రం ఆశించకండి. బ్రిడ్జికి అవతలి పక్క తీగను నొక్కితే కాస్త ఊగుతుంది, అంతే.

దీని అసలు విలువ బృందంలో తెలుస్తుంది. తూర్పు చైనాలోని జియాంగ్నాన్ ప్రాంతపు సంగీతంలో కమానుతో వాయించే రెండు తీగల ఎర్‌హు రాగాన్ని సాగదీస్తుంటే, వీణలా మీటే పిపా పలుకుతుంటే, వేణువు పైన అల్లుతుంటే, వాటి మధ్య ఖాళీలన్నీ యాంగ్‌చిన్ నింపుతుంది. గ్వాంగ్‌డాంగ్‌కు చెందిన కాంటన్ బాణీలో ఒకే స్వరాన్ని కింది స్థాయిలో, పై స్థాయిలో మార్చి మార్చి కొడతారు. అది నాకు ప్రాణం. ఆర్కెస్ట్రాలో లయ తడబడితే అందరూ చెవి పెట్టేది దీనివైపే. సిచువాన్‌లో అయితే కథాగానానికే ఇది పెద్ద దిక్కు.

కష్టమంతా శ్రుతి దగ్గరే. పై స్వరాలకు ఒక్కోదానికి మూడు నాలుగు తీగలు. ఉక్క నుంచి ఏసీ హాల్లోకి తేగానే శ్రుతి కదులుతుంది. తీగలను బిగించే మరలు తిప్పాలి, ఆపైన తీగల కింది చిన్న గుండ్రటి లోహపు ముక్కలు జరిపి బ్రిడ్జికి రెండు పక్కలా సరిచూడాలి. రిహార్సల్‌కు ముందే వెళ్లి కూర్చోక తప్పదు. నాదం వెంటనే ఆగదు కూడా. స్వరాలు మారుతున్నప్పుడు అరచేత్తో అణచడం నేర్వకపోతే అన్నీ కలగాపులగమవుతాయి.

పాతది కొంటుంటే పైచెక్క కుంగిందేమో, మరలు బిగువు నిలుపుతున్నాయో లేదో తప్పక చూడండి. మెట్లెక్కి మోయాల్సిన ఇల్లయితే బరువు గురించి కూడా ఆలోచించండి.