టెన్షన్‌లో ఉన్నప్పుడు చుక్కల ముగ్గా, తెల్ల కాగితమా?

ఏదైనా గీస్తే మనసు తేలికవుతుంది, అందులో డౌట్ లేదు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు 39 మందికి 45 నిమిషాలు ఆర్ట్ చేసుకోమని ఇస్తే దాదాపు 75 శాతం మందిలో స్ట్రెస్ హార్మోన్ కార్టిసాల్ తగ్గిందట, అదీ అలవాటు ఉన్నా లేకపోయినా. మరి ఏం గీయాలి?

చుక్కల ముగ్గైతే బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదండీ, 15 చుక్కలు, సందు చుక్క 8 వరకు, పెట్టేసి మొదలెట్టడమే. నా ఓటు మాత్రం మెలికల ముగ్గుకి, ఎందుకంటే గీత చుక్కని తాకకుండా దాని చుట్టూ తిరిగి మళ్ళీ బయల్దేరిన చోటికే రావాలి, ఒక్క మలుపు తప్పిందా మొత్తం తేడా కొట్టేస్తుంది, ఇంక ఈఎంఐ గురించి దిగులుపడే తీరిక ఎక్కడిది. అపార్ట్‌మెంట్‌లో వాకిలి లేకపోతే గళ్ళ నోట్‌బుక్, జెల్ పెన్ చాలు.

తెల్ల కాగితంలో ఫ్రీడమ్ ఎక్కువే, కానీ గుండె దడదడలాడేటప్పుడు ఆ ఖాళీయే ఇంకో పరీక్షలా ఉంటుంది. 2005లో వచ్చిన ఒక స్టడీలో 84 మంది కాలేజీ స్టూడెంట్లని చూస్తే మండలాలనే గుండ్రటి డిజైన్లకీ, గళ్ళ డిజైన్లకీ రంగులేసిన వాళ్ళకి తగ్గినంత ఆందోళన, ఖాళీ కాగితం ఇచ్చిన వాళ్ళకి తగ్గలేదు.

కొత్త ఐడియా కావాలంటే మాత్రం ముగ్గు పనికిరాదు, చివరికి ఏం వస్తుందో ముందే తెలుసు కదా. అప్పుడు తెల్ల కాగితమే, పిచ్చి గీతలైనా సరే. రెండూ కావాలా, ముగ్గుతో మొదలెట్టి సగంలో చుక్కల్ని వదిలేసి గీత ఎటు పోతే అటు పోనివ్వండి.