పీజీ గదికీ స్టేజీకీ ఒకే మైక్: ష్యూర్ ఎస్‌ఎం58

కొత్తగా తెలుగు ర్యాప్ మొదలుపెట్టినవాళ్లు ముందు కొనేది చవక కండెన్సర్ మైక్ (చిన్న శబ్దాన్నీ పట్టేసే రకం). ఫొటోలో అందంగా ఉంటుంది మరి! బెంగళూరు మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీ గదిలో దాన్ని పెట్టి రికార్డ్ నొక్కితే గొంతుతోపాటు ఫ్యాన్, రోడ్డు మీది హారన్లు, పక్క మంచం మీద మోగుతున్న ఫోను అన్నీ ఎక్కుతాయి. 1966 నుంచి వస్తున్న ఎస్‌ఎం58 డైనమిక్ మైక్. దూరపు శబ్దాన్ని అంతగా పట్టించుకోదు. మొదటి ఏడాదికి మా ఓటు దీనికే.

నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకు తిప్పి పెట్టాలి. తిన్నగా పెడితే ప, భ, ఫ వచ్చిన ప్రతిచోటా 'బుస్' మంటుంది. మైక్ గుండు (తలభాగం) జాలీ లోపలి స్పాంజ్ ఒక్కటే దాన్ని ఆపలేదు. మరీ దగ్గరకెళ్తే గొంతు బరువెక్కుతుంది. వినడానికి మగతనంగా ఉందని మురిసిపోతారు గానీ, 808 బేస్ (ర్యాప్ బీట్లలో వినిపించే లోతైన బేస్) ఉన్న బీట్ మీద పెట్టగానే మాటలు మునిగిపోతాయి. మిక్స్‌లో గొంతు ట్రాక్‌లో 100 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోసేయండి. డబుల్స్ (అదే లైను మళ్లీ పాడినవి), యాడ్‌లిబ్స్ (మధ్యలో వేసే చిన్న కేకలు) జానెడు దూరం నుంచి తీసుకుంటే ఆ బరువు పొరలు పొరలుగా పేరుకోదు.

రగ్గును చాలామంది మైక్ వెనక వేలాడదీస్తారు. అక్కడ పెద్దగా ఉపయోగం లేదు. మైక్ వినేది ముందువైపు కాబట్టి పాడేవాడి వీపు వెనక కట్టాలి.

దీని అసలు లోపం సిగ్నల్ బలహీనంగా ఉండటం. పాత చవక ఇంటర్‌ఫేస్‌కి (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) తగిలిస్తే గెయిన్ (సిగ్నల్‌ని పెంచే నాబ్) చివరిదాకా తిప్పాలి, అప్పుడు 'స్‌స్' మోత వస్తుంది. నాలుగో తరం స్కార్లెట్ సోలో ఇంటర్‌ఫేస్‌లో 57 డెసిబెల్స్ గెయిన్ ఉంది, ర్యాప్ గొంతుకు అది చాలు. రికార్డింగ్ 24 బిట్‌లో పెట్టి, గట్టి పదాలు మీటర్‌లో మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. కండెన్సర్ మైక్‌లకు కరెంటిచ్చే 48 వోల్ట్ల బటన్‌తో పని లేదు. సన్నగా 'గూ' మని వినిపిస్తే మైక్‌ని తిట్టేముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఎర్త్ సరిగా లేని గదుల్లో చాలాసార్లు దొంగ అదే.

స్టేజీ మీద మాత్రం ఒక్క అలవాటు కొంప ముంచుతుంది. స్టయిల్‌గా ఉంటుందని గుండును రెండు చేతులతో మూసి పట్టుకోవడం. గుండు కిందుగా, వెనకవైపు ఉన్న దారుల్లోంచి కూడా గాలి లోపలికి వెళ్లాలి, మైక్ ముందూ వెనకా తేడా పట్టేది దానివల్లే. అవి మూసుకుపోతే అన్ని వైపుల నుంచీ వింటుంది. మానిటర్ స్పీకర్ కాళ్ల దగ్గరే ఉండే చిన్న కేఫ్ స్టేజీల్లో వెంటనే కూత (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది, మాట డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. సౌండ్ అన్న వాల్యూమ్ తగ్గిస్తాడు, తప్పు అతనిది కాదు. పిడి మధ్యలో పట్టుకుంటే చాలు.

పెట్టెలో సాధారణంగా కేబుల్ రాదు, ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) విడిగా కొనాలి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా నకిలీలతో జాగ్రత్త. అసలుది 298 గ్రాములు. బరువు సరిపోయినంత మాత్రాన నమ్మకండి, బిల్లూ వారంటీ అడగండి.

షోల తర్వాత గుండు విప్పి జాలీ, స్పాంజ్ నీళ్లలో కడగొచ్చు. పూర్తిగా ఆరాకే బిగించండి, తడి శబ్దాన్ని పట్టే లోపలి క్యాప్సూల్‌కి తగలకూడదు.