బడ్జీ కరుస్తుంటే ఏది మేలు: గ్లవ్సా, కర్రా, కొర్ర కంకా?

ముక్కు తగిలిన ప్రతిసారీ అది కాటు కాదు. బడ్జీ అనే ఈ చిన్న పెంపుడు చిలుక కొత్త కొమ్మ ఎక్కేముందు ముక్కుతో ఆనించి చూసుకుంటుంది, వేలినీ అలాగే చూస్తుంది. చర్మాన్ని పట్టి నొక్కి మెలిపెడితే అప్పుడు కరిచినట్టు. ఈ తేడా తెలియక ముక్కు ఆనగానే చేయి వెనక్కి లాక్కుంటారు. ముక్కు చూపిస్తే చేయి పోతుందని పిట్ట నేర్చుకునేది అక్కడే.

గ్లవ్స్ వేసుకుంటే మనకు నొప్పి ఉండదు, లాభం అంతవరకే. లావుపాటి గ్లవ్ లోంచి ఎంత గట్టిగా పట్టుకున్నామో తెలియదు. పక్షులకు ఊపిరి ఆడాలంటే ఛాతీ ముందుకీ వెనక్కీ కదలాలి. 30–40 గ్రాముల పిట్టను ఛాతీ దగ్గర బిగిస్తే ఊపిరి ఆగుతుంది. పైగా గ్లవ్‌కు అలవాటుపడ్డ పిట్ట ఉత్త చేతికి అలవాటు పడదు, చేతిని అలవాటు చేసే పాఠం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మందు వేయడానికి పట్టుకోక తప్పనప్పుడు కూడా పలచని టవలే నయం.

కర్ర సంగతి వేరు. పంజరంలో అది కూర్చునే కర్రలాంటిదే, 10–12 మిల్లీమీటర్ల మందం, 20–25 సెంటీమీటర్ల పొడవు ఉన్నది చాలు. పైనుంచి చాపకూడదు, వేటాడే పక్షి వచ్చేది పైనుంచే. ఎదురుగా, కాళ్లకు కాస్త పైన, పొట్ట కింది భాగానికి మెల్లగా ఆనించి ‘ఎక్కు’ అనాలి. తడబడకుండా ఎక్కుతున్నప్పుడు మన వేళ్లను కర్ర మీద పిట్ట వైపు రెండు మూడు సెంటీమీటర్లు జరపాలి, ఆ మర్నాడు ఇంకొంచెం. చివరికి కర్ర ఉన్న చోట వేలు ఉంటుంది. ఇది చెడిపోయేది ఒకే రకంగా: ఎక్కడం లేదని పంజరమంతా కర్రతో తరిమితే కర్ర కూడా శత్రువవుతుంది.

కర్ర పిట్టను కదిలిస్తుంది కానీ చేయంటే ఇష్టం పుట్టించదు. ఆ పని కొర్ర కంకిది. ముందు గిన్నెలోంచి కొర్రలు తీసేయండి, అవి చేతి నుంచి మాత్రమే దొరకాలి. కంకి ఒక కొసను పట్టుకుని రెండో కొసను అందించండి. తింటున్న కొద్దీ రోజురోజుకీ చేతిని దగ్గరికి జరపండి. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, ఉదయం మేత పెట్టే ముందైతే ఆసక్తిగా వస్తుంది. ఆకలితో మాడ్చడం మాత్రం వద్దు, ఇంత చిన్న ఒంటికి ఉపవాసం ప్రమాదం. ఈకలు ఒంటికి అతుక్కుపోయి, మెడ సాగి, వెనక్కి వాలి నోరు తెరిచిందంటే తర్వాతిది కాటే. అంతదాకా రానివ్వకుండా చేతిని కిందటి రోజు ఉన్న దూరానికి తీసుకెళ్లండి. కొర్రలు ఎక్కువైతే కొవ్వు పడుతుంది కాబట్టి పూటకు మూడు నాలుగు సెంటీమీటర్ల ముక్క చాలు. నెమ్మదైన దారే, అయినా నిలిచేది ఇదే.

కరిచాక పంజరంలో వదిలేయడం గురించి అందరూ చెబుతారు. భయంతో కరిచిన పిట్టకు కావలసింది పంజరమే. అడిగింది దొరికింది కాబట్టి రేపు ఇంకా త్వరగా కరుస్తుంది. దానికి పనికొచ్చేది చేయి కదపకుండా ఉండి, అది వదిలాక మెల్లగా దించడమే. అంత ఓర్చుకోలేకపోతే కర్రతోనే కొనసాగించండి. మచ్చికై, గారాబం పోతూ కొరికే పిట్టనైతే దగ్గరలోని కర్ర మీద దించి పది పదిహేను సెకన్లు అటు తిరిగి కూర్చోండి. అరగంట శిక్ష వేస్తే ఎందుకో దానికి తెలియదు. అరవడం కొన్ని పిట్టలకు వినోదం. ముక్కు మీద వేలితో కొట్టడం, మొహం మీద ఊదడం, చేయి ఊపి పడేయడం మాత్రం కర్ర, కంకి సాధించినదంతా పాడుచేస్తాయి.

రెక్కల ఈకలు కత్తిరిస్తే లొంగుతుందనేది తప్పు లెక్క. భయపడ్డ పిట్టకు ఉన్నవి రెండే దారులు, ఎగరడం, కరవడం. మొదటిది మూసేస్తే మిగిలేది రెండోదే.

ఇక శిక్షణతో తగ్గని కాట్లు కొన్ని ఉన్నాయి. ముక్కు పైభాగం ముదురు గోధుమ రంగుకు తిరిగిన ఆడపిట్ట కాగితాలు చింపుతూ, చీకటి మూలలు వెతుకుతూ ఉంటే గూటి మీద కన్నేసిందని అర్థం. గూటిపెట్టె, దాక్కునే డబ్బాలు తీసేసి, రోజూ 12 గంటలు చీకటిలో నిద్రపోనివ్వండి. ఈకలు మార్చే రోజుల్లో ముళ్లలా మొలిచే కొత్త ఈకలు ముట్టుకుంటే నొప్పి పుడతాయి, ఆ వారాల్లో కంకి చాలు, నిమరడం ఆపండి. నిన్నటిదాకా మచ్చికగా ఉన్నది ఉన్నట్టుండి కరుస్తూ, ఈకలు ఉబ్బించి పంజరం అడుగున కూర్చుంటే, లేదా రెట్ట మారితే, కర్రా కంకీ పక్కన పెట్టి అదే రోజు పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించాలి. జబ్బును దాచుకోవడం పిట్టల స్వభావం, బయటికి కనిపించేసరికే ఆలస్యమై ఉంటుంది.