మూడేళ్లు వాడాక: తొలగించనివ్వని లారీ లెక్కల సాఫ్ట్‌వేర్

పలాసలో మాది ఆరు లారీల ఆఫీసు. ఇక్కడి నుంచి జీడిపప్పు వెళుతుంది, తిరుగు లోడు ఏది దొరికితే అది వస్తుంది. మూడేళ్ల కిందట ఎర్ర అట్ట లెడ్జర్లను అటకెక్కించి ఈ సాఫ్ట్‌వేర్ కొన్నాను. లోపాలే ఎక్కువ చెప్పబోతున్నాను కనుక పేరు రాయను. బిల్టీ (సరుకు రవాణా రసీదు) ముద్రణ, బాకీల జాబితా, ఇన్సూరెన్స్ గడువు గుర్తుచేయడం అన్నీ బాగున్నాయి. నా పేచీ ఒక్క బటన్‌తోనే: ‘తొలగించు’.

మొదటి ఏడాది నెట్ నెమ్మదించిన రోజున మా గుమాస్తా ‘భద్రపరచు’ రెండుసార్లు నొక్కాడు. ఒకే లోడుకు రెండు ట్రిప్పులు పడ్డాయి. ‘ఒక్కసారే నొక్కానండి’ అని ఇప్పటికీ అంటాడు. రెండోది తీసేద్దామంటే ‘అనుబంధ సమాచారం ఉంది, తొలగించలేరు’ అని వచ్చింది. ఏ అనుబంధం, ఎక్కడుంది? చెప్పదు. కంపెనీకి ఫోను చేస్తే వాళ్లే సర్వర్ నుంచి పీకేశారు. నెలాఖరులో డీజిల్ బంకు ఖాతా కుదరలేదు. పోయిన ట్రిప్పు తాలూకు డీజిల్ పద్దు దిక్కులేకుండా మిగిలి ఉంది. దాన్ని తెరిస్తే ఖాళీ పేజీ. సరిచేయించడానికి వారం పట్టింది.

రెండోసారి అదే తప్పు జరిగినప్పుడు పీకవద్దని, కారణం చెప్పమని పట్టుబట్టాను. ట్రిప్పు తల్లి, దాని కింది పద్దులు పిల్లలు. పిల్లలుండగా డేటాబేస్ తల్లిని పోనివ్వదు, దీన్నే ఫారిన్ కీ కట్టుబాటు అంటారని ఒక కుర్రాడు ఓపికగా చెప్పాడు. డీజిల్, బత్తా పద్దులను అసలు ట్రిప్పుకు మార్చాం, బిల్టీ తీసేశాం. అయినా అదే సందేశం! చివరికి దొరికింది, మడపాం టోలుగేటు. ఫాస్టాగ్ జాబితా ఎక్కించినప్పుడు లారీ నంబరు, సమయం చూసి సాఫ్ట్‌వేర్ ఆ టోలును తనంతట తానే నకిలీ ట్రిప్పుకు అంటగట్టింది. దాన్ని మార్చగానే ట్రిప్పు కిక్కురుమనకుండా పోయింది.

అప్పటి నుంచి మా ఆఫీసులో వరస ఇదే. ముందు టోలు, తర్వాత డీజిల్, బత్తా, వసూళ్లు, ఆ పైన బిల్టీ, అన్నింటికీ చివర ట్రిప్పు. ఇంకో కంప్యూటర్‌లో అదే ట్రిప్పు తెరిచి ఉన్నా మొరాయిస్తుంది, మూయించాలి. పార్టీకి బిల్లు వెళ్లిపోయి ఉంటే తొలగించే ఆలోచనే వద్దు. ఆ మొత్తం తగ్గిస్తున్నట్టు క్రెడిట్ నోటు రాసిస్తాం.

సరుకు రవాణాకు ప్రభుత్వ పోర్టల్‌లో తీసే ఈ-వే బిల్లు సంగతి వేరు. మా సాఫ్ట్‌వేర్‌లో తీసేసినంత మాత్రాన ఆ పోర్టల్‌లో పోదు. అక్కడ తొలగింపు లేదు, రద్దు ఒక్కటే. అదీ తయారుచేసిన 24 గంటల్లోపే, దారిలో అధికారి తనిఖీ చేసి ఉండకపోతేనే. ఈ హెచ్చరిక ఒక్క వాక్యంగానైనా తెరమీద ఉండాల్సింది.

అమ్మేసిన పాత లారీని జాబితా నుంచి తీయబోయినా ఒప్పుకోలేదు. అది మాత్రం మంచిదే. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి కదా. ‘వాడుకలో లేదు’ అని గుర్తు పెట్టి వదిలేశాను.

అడ్డుకోవడంలో సాఫ్ట్‌వేర్ తప్పు లేదు, నోరు విప్పకపోవడమే తప్పు. ఐదుకు మూడు ఇస్తాను. ‘ఈ ట్రిప్పుకు ఒక టోలు పద్దు ఉంది’ అని చూపిస్తే నాలుగు. చందా మళ్లీ కట్టాను, అటక మీది లెడ్జర్లను మాత్రం ఇంకా పాత కాగితాలవాడికి వేయలేదు.