నీటి అడుగున ఓ-రింగుల గొట్టం: కొన్నేళ్ల వాడకం తర్వాత

నీటి అడుగున కెమెరానూ దాన్ని నడిపే సర్క్యూట్ బోర్డునూ ఉంచడానికి, రెండు చివరలా అల్యూమినియం మూతలు, ఒక్కో మూతకు నీటిని ఆపే జంట రబ్బరు వలయాలు (ఓ-రింగులు) ఉన్న ఆక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్ గొట్టాన్ని కొన్నేళ్లుగా మంచినీటిలోనూ ఉప్పునీటిలోనూ వాడుతున్నాను. మూతల దగ్గర నీరు చొరబడిన సందర్భం నాకు ఎదురు కాలేదు. ఇబ్బందంతా కేబుళ్లు లోపలికి వెళ్లే చోటే.

లోతు 10 మీటర్లు పెరిగినప్పుడల్లా దాదాపు ఒక వాతావరణ పీడనం అదనంగా తోడవుతుంది. ఆ ఒత్తిడి ఓ-రింగును గాడిలో మరింత గట్టిగా అదుముతుంది కనుక మూతలకు లోతు ఒక విధంగా మేలే చేస్తుంది. కేబుల్ సంగతి వేరు. పైతొడుగు ఎక్కడో కాస్త చిట్లినా, నీరు రాగి పోగుల సందుల వెంట పాకి, కేబుల్ రంధ్రాన్ని మూసిన ఎపాక్సీ (పోశాక గట్టిపడే జిగురు) చెక్కుచెదరకుండా ఉండగానే బోర్డును చేరుతుంది. అందుకే ప్రతి తీగకూ కొంతమేర తొడుగు ఒలిచి, పోగుల సందులను సోల్డర్‌తో నింపి, ఆ భాగం పూర్తిగా మునిగేలా ఎపాక్సీ పోస్తున్నాను. పీవీసీ తొడుగును సాండ్‌పేపర్‌తో గరుకు చేస్తే ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది, పాలిథిన్‌కు మాత్రం సరిగా అంటుకోదు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సీలెంట్ రాగిని తినేస్తుంది కాబట్టి దాన్ని దగ్గరకు రానివ్వను.

ఈ గొట్టంలో నాకు బాగా నచ్చినది వాక్యూమ్ పరీక్షకు వీలుండటం. మూతకున్న చిన్న రంధ్రం గుండా చేతిపంపుతో కొంత గాలి లాగి, గేజి ముల్లు పావుగంట కదలకపోతేనే నీటిలోకి దించుతాను. ఓ-రింగు మీద అడ్డంగా ఒక్క వెంట్రుక పడినా ముల్లు మెల్లగా సున్నా వైపు జారుతుంది.

గొట్టానికి బదులు బోర్డు మొత్తాన్ని ఎపాక్సీలో పోత పోసే పద్ధతి చిన్న సెన్సర్లకు చవక, నమ్మకం కూడా. కానీ ఒక్క భాగం పాడైనా అంతా పారేయవలసిందే. ఇక నీరు, దుమ్ము చొరబడవని చెప్పే ఫోన్ల మీది ఐపీ68 ముద్రకు అర్థం తయారీదారు చెప్పిన లోతు, సమయం వరకే. పరీక్ష కూడా మంచినీటిలోనే జరుగుతుంది.

లోపాలూ ఉన్నాయి. తేమ గాలితో మూత బిగిస్తే చల్లటి నీటిలో లోపలివైపు నీటి ఆవిరి చెమ్మగా పేరుకుంటుంది, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం తప్పనిసరి. ఆక్రిలిక్ ఇట్టే గీతలు పడుతుంది, ఆల్కహాల్‌తో తుడిస్తే సన్నగా బీటలిస్తుంది. ఉప్పునీటిలో స్టీలు మరలు తగిలే చోట అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది, ఆ మరలు బిగుసుకుపోతే విప్పడం గగనమే.