అలమరలో మిగిలిన సామగ్రితో గ్రీటింగ్ కార్డులు: ఏవి పనికివచ్చాయి, ఏవి రాలేదు

పిల్లల బడి ప్రాజెక్టులు, పుట్టినరోజు అలంకరణలు, సెలవుల్లో మొదలుపెట్టి సగంలో ఆపేసిన కుట్టుపనులు ముగిశాక ప్రతి ఇంటి అలమరలోనూ చుట్టిన చార్టులు, సగం వాడిన జిగురు సీసాలు, చెమ్కీల పొట్లాలు, లేసు ముక్కలు మిగిలిపోతాయి. కొత్త సంవత్సరానికీ సంక్రాంతికీ బంధువులకు పంపవలసిన కార్డులను ఆ మిగులుతోనే చేయగలమా అని హనుమకొండలోని మా ఇంట్లో ప్రయత్నించి చూశాము. ఈ సమీక్ష ఆ సామగ్రిని గురించినది. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను: అలంకరణ వస్తువులకు ఏ ఇంట్లోనూ కొరత ఉండదు, కానీ కార్డు నిలబడుతుందా, నెల రోజుల తరువాత కూడా చూడదగినట్టుగా ఉంటుందా అన్నది అడుగున వాడిన కాగితం, దానికి వేసిన మడత, అతికించిన జిగురు నిర్ణయిస్తాయి. అందువల్ల వాటికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందుగా కాగితం. ప్రింటర్లలో వాడే సాధారణ ఏ4 కాగితం చదరపు మీటరుకు 70 నుంచి 80 గ్రాముల బరువు ఉంటుంది. దుకాణాల్లో జీఎస్ఎం అని చెప్పే లెక్క ఇదే. ఈ కాగితాన్ని రెండుగా మడిచి నిలబెడితే కాసేపటికే వంగిపోతుంది. 210 నుంచి 250 జీఎస్ఎం ఉన్న ఐవరీ షీటు, అంటే నునుపైన మందపాటి కార్డు కాగితం, చక్కగా నిలుస్తుంది, 300 జీఎస్ఎం షీటు మరింత గట్టిగా ఉంటుంది కానీ మడత దగ్గర ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. బడి చార్టులు ప్రింటర్ కాగితానికీ ఐవరీ షీటుకూ మధ్యస్థంగా ఉంటాయి కనుక ఒక్క పొరగా వాడితే కార్డు బలహీనంగా అనిపిస్తుంది. పైగా ఏళ్ల తరబడి చుట్టి పెట్టిన చార్టు ఎంత సరిచేసినా చుట్టుకుపోవాలనే చూస్తుంది. దాన్ని వ్యతిరేక దిశలో వదులుగా చుట్టి కొంతసేపు ఉంచి, తరువాత బరువైన పుస్తకాల కింద ఒకటి రెండు రోజులు పెడితే చాలావరకు చదునవుతుంది. రంగు చార్టుల బయటి అంచు వెలుతురుకు వెలిసిపోయి ఉంటే ఆ భాగాన్ని కత్తిరించి తీసివేయడమే మేలు, ఎందుకంటే ఆ తేడా ఏ అలంకరణకూ దాగదు.

చార్టు కన్నా నాకు ఎక్కువ నచ్చినది కొత్త చొక్కాల మడతల్లో వచ్చే అట్ట. ఒక వైపు తెల్లగా నునుపుగా, మరో వైపు బూడిద రంగులో ఉండే ఈ అట్టను మనం ఆలోచించకుండానే పారేస్తుంటాము. దీన్ని వెన్నుగా పెట్టి, బూడిద వైపున రంగు చార్టు అతికిస్తే చూడడానికీ చేతిలో పట్టుకోవడానికీ కొన్న కార్డుకు తీసిపోని అడుగు తయారవుతుంది. మిఠాయి డబ్బాల అట్ట కూడా ఇలాంటిదే, అయితే నెయ్యి మరక పట్టిన భాగం మీద జిగురు అంటదు కనుక డబ్బా మూతలను మాత్రమే వాడడం మంచిది.

ఇంట్లో దొరికే కాగితాలన్నింటిలోనూ మొదటి స్థానం మాత్రం శుభలేఖలదే. మన వరంగల్ వైపు పెళ్లిళ్ల కాలంలో ఒక్కో ఇంటికి చేరే శుభలేఖలు మందపాటి కాగితంతో, బంగారు రంగు అచ్చుతో, వేరుగా ఒక పెద్ద కవరుతో వస్తాయి. పెళ్లి అయిపోయాక వాటిని దాచలేక, దేవుడి బొమ్మ ఉన్నందున పారేయలేక చాలామంది కట్టకట్టి అటక మీద పెడతారు. దేవుడి బొమ్మ ఉన్న భాగాన్ని కత్తెర తగలకుండా విడిగా తీసి భద్రపరిచి, మిగిలిన అంచులనూ లతలనూ తోరణాలనూ కత్తిరించుకుంటే ఒక్క శుభలేఖ నుంచి రెండు మూడు కార్డులకు సరిపోయే అలంకరణ దొరుకుతుంది. నాలుగు మూలలా పూసిన పసుపు మరక పోదు కనుక మూలలను వదిలేయాలి. శుభలేఖ పెద్ద కవరును విప్పి, లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగవేసి మడిస్తే చిన్న కార్డుకు కొత్త కవరు వస్తుంది. ఇది ఈ మొత్తం పనిలో నాకు అత్యంత సంతృప్తి ఇచ్చిన భాగం.

ఇక మడత. చేతితో చేసిన కార్డు అని దూరం నుంచే తెలిసిపోయేది వంకరగా, పగిలినట్టుగా ఉన్న మడత వల్లనే. కాగితం తయారయ్యేటప్పుడు దానిలోని పీచు ఎక్కువగా యంత్రం నడిచే దిశలోనే పరుచుకుంటుంది. ఆ దిశ వెంబడి మడిస్తే మడత తిన్నగా వస్తుంది, దానికి అడ్డంగా మడిస్తే పై పొర చిట్లి లోపలి తెల్లని పీచు కనబడుతుంది. ఏది ఏ దిశో తెలుసుకోవడానికి పరికరమేమీ అక్కరలేదు. షీటును మడత పడకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూస్తే ఏ వైపు సులభంగా వంగుతుందో చేతికే తెలుస్తుంది. మడత గీతకు ముందు గాడి వేయాలి. అందుకు సిరా అయిపోయిన బాల్ పెన్నుకు మించిన సాధనం లేదని నా అనుభవం. షీటు కింద నాలుగు పొరల వార్తాపత్రిక పరిచి, స్టీలు స్కేలు ఆనించి, పెన్నును ఒత్తి ఒకటికి రెండుసార్లు గీస్తే సన్నని గాడి పడుతుంది. గాడి ఉన్న వైపు కార్డుకు బయటి వైపుగా, ఉబ్బిన వైపు లోపలికి వచ్చేలా మడిచినప్పుడే మందపాటి షీటు చిట్లకుండా మూసుకుంటుంది. చాలామంది దీన్ని తిరగవేసి, గాడిలోకే మడుస్తారు. పలుచని కాగితానికి తేడా తెలియదు కానీ ఐవరీ షీటుకు తెలుస్తుంది.

జిగురు విషయంలో ఒక్కొక్క రకానికి ఒక్కొక్క పని ఉంది, ఒకటే సీసాతో అన్నీ అతికించాలనుకుంటే నిరాశ తప్పదు. తెల్ల జిగురు, అంటే ఫెవికాల్ వంటిది, గుడ్డనూ లేసునూ గుండీలనూ అట్ట మీద పట్టి ఉంచడంలో సాటిలేనిది. కానీ అది నీటితో చేసిన జిగురు. పలుచని కాగితానికి పూస్తే పీచు నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు అంతటా సమంగా ముడుచుకోదు, అందువల్ల కార్డు ముఖం మీద అలలు తేలుతాయి. అట్ట ముక్కతో పలుచగా లాగి, అంచుల్లో మాత్రమే పూసి, పుస్తకాల బరువు కింద ఆరనిస్తే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది. కాగితం మీద కాగితం అతికించడానికి ఫెవిస్టిక్ వంటి జిగురు కడ్డీ ఉత్తమం, దానిలో తడి తక్కువ కనుక ముడతలు రావు. పాత కడ్డీని వాడే ముందు పైభాగాన్ని గోటితో గీసి చూడాలి. పొడిపొడిగా రాలితే అది పట్టదు. నునుపైన ప్లాస్టిక్ పూత ఉన్న శుభలేఖ ముక్కలకు ఈ రెండూ సరిగా పట్టవు, అక్కడ రెండు వైపులా అంటే టేపు ఒక్కటే మార్గం. మన వేసవి ఎండలకు అలమరలో ఉన్న పాత టేపు అంచులు జిడ్డుగా, పసుపు రంగులో మారి ఉంటాయి. అటువంటి దాన్ని వాడితే కొన్నాళ్లకు ఆ మరక పైకి తేలుతుంది. మా అలమరలో కాలం చెల్లి, కొత్తగా కొనవలసి వచ్చిన వస్తువు ఇదే.

మైదాతో కాచిన లై కూడా వాడి చూశాము. అది చౌక, పట్టూ మంచిదే, కానీ పిండి పదార్థం కనుక దాచుకునే కార్డులను పురుగు తింటుంది. పుస్తకాలకు బైండింగు చేసేవారు అందుకే దానిలో మైలతుత్తం కలిపేవారు. అది విషం కనుక పిల్లలు కూర్చుని చేసే పనిలో దానికి చోటు లేదు. ఇటువంటి ఇంటి జిగురులకు మన ప్రాంతంలో గొప్ప చరిత్రే ఉంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు బొమ్మ వేయబోయే ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురూ సుద్దా కలిపి పూత పూస్తారు, ఆ పూత వల్లనే గుడ్డ గట్టిపడి రంగును నిలుపుకుంటుంది. గుడ్డ ముక్క మీద బొమ్మ వేసి కార్డుకు అతికించాలనుకునేవారు ఈ పద్ధతిని గుర్తుంచుకోవాలి: పూత లేని గుడ్డ మీద రంగు పాకిపోతుంది.

అలంకరణకు వచ్చేసరికి ఎంపిక అవసరం. చెమ్కీలూ కుందన్లూ ఒకటి రెండు చోట్ల బాగుంటాయి. మెరుపు పొడి మాత్రం నేను సిఫారసు చేయను, ఎందుకంటే ఎంత జిగురు పూసినా అది కవరులో రాలి, తెరిచినవారి చేతులకూ బట్టలకూ అంటుకుంటుంది. పాత బొట్టు బిళ్లల వెనుక జిగురు ఎండిపోయి ఉంటుంది కనుక ఒక చుక్క తెల్ల జిగురు తోడు చేయాలి. చిరిగిన పట్టుచీర జరీ అంచును కత్తిరించేటప్పుడు ముందుగా కోత పడే చోట సన్నగా జిగురు రాసి ఆరనిస్తే పోగులు ఊడవు. దర్రీల, అంటే జంపఖానాల, నేతకు పేరు పొందిన వరంగల్ కొత్తవాడ మగ్గాల దగ్గర మిగిలే రంగు నూలు పోగులు తెలిసినవారి ద్వారా దొరికితే వదులుకోవద్దు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ దర్రీల నూలు మందంగా ఉండి, కార్డు చుట్టూ అంచు కట్టడానికి చక్కగా సరిపోతుంది.

బతుకమ్మ పూలలో గునుగు ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. ఎండినా ఆకారం చెడదు, రాలదు, అద్దిన రంగునూ నిలుపుకుంటుంది. తంగేడు పూరేకులను మాత్రం కోసిన వెంటనే వార్తాపత్రిక మధ్య పెట్టి, తడి పీల్చిన కాగితాన్ని మారుస్తూ అదిమి ఉంచాలి. తేమ మిగిలితే పసుపు రంగు గోధుమ వర్ణానికి తిరుగుతుంది. దసరా నాటికే ఈ పూలను దాచుకున్నవారికి జనవరి కార్డులకు వెతుకులాట ఉండదు.

మేము చేసినవాటిలో నాకు బాగా నచ్చినది దారంతో కుట్టిన ముగ్గు కార్డు. గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టుకుని, దాన్ని షీటు మీద పరిచి, సూదితో ఒక్కో చుక్క దగ్గర ముందుగానే రంధ్రం చేసి, ఎంబ్రాయిడరీకి తెచ్చి మిగిలిన దారంతో చుక్క నుంచి చుక్కకు కుడతాము. చుక్కల మధ్య కనీసం 5 మిల్లీమీటర్ల దూరం ఉండాలి, అంతకన్నా దగ్గరైతే దారం లాగినప్పుడు కాగితం చిరుగుతుంది. చుక్కలను గీతలతో కలిపే ముగ్గులు దీనికి అనువైనవి. చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గులో వంపులు ఎక్కువ కనుక దారంతో ఆ నునుపు రాదు. వెనుక ముడులు కనబడకుండా లోపలి పేజీకి పలుచని కాగితం అతికిస్తే రాయడానికి చోటూ ఏర్పడుతుంది. వరంగల్ కోటలోని కీర్తి తోరణం ఆకారాన్ని కూడా కత్తిరించి, కార్డు తెరిచినప్పుడు లేచి నిలబడేలా చేయవచ్చు. స్తంభాలు, పైన అడ్డదూలం ఎక్కువగా నిలువు అడ్డ గీతలే కావడం వల్ల కొత్తగా కత్తెర పట్టినవారికి కూడా అది సాధ్యమవుతుంది.

రంగుల గురించి క్లుప్తంగా చెబుతాను. పోస్టరు రంగులు చదునైన ముఖం మీద నిండుగా కనబడతాయి కానీ మడత మీద పడితే పగులుతాయి. గుడ్డల మీద వేసే ఆక్రిలిక్ రంగులు ఆరాక కూడా వంగుతాయి కనుక మడత దాటే బొమ్మకు అవే వాడాలి. స్కెచ్ పెన్ను సిరా గరుకు చార్టులో పాకుతుంది, అదే సిరా ఐవరీ షీటు మీద అంచు చెదరకుండా నిలుస్తుంది. తెలుగు అక్షరాలకు తలకట్లూ ఒత్తులూ ఉండడం వల్ల సన్నని మొన ఉన్న పెన్నే నయం. శుభాకాంక్షలు వంటి పొడవైన మాటను ముందుగా పెన్సిలుతో చోటు కొలుచుకుని రాయాలి. అలంకరణ అతికించాక రాయబోతే చేయి ఆనే చోటు దొరకదు.

పోలిక కోసం ఆన్‌లైన్‌లో దొరికే ఒక తయారీ కిట్‌ను కూడా చూశాము. ముందే గాడి వేసిన కార్డులు, బొమ్మను ఎత్తుగా నిలిపే స్పాంజి టేపు దానిలో మెచ్చదగినవి. కానీ షీట్లు పలుచన, బొమ్మలు మన పండుగలకు సంబంధం లేనివి, పది కార్డులూ ఒకే అచ్చు. హనుమకొండ చౌరస్తా వైపు స్టేషనరీ దుకాణాల్లో ఐవరీ షీట్లను విడిగా కొనుక్కోవడం దానికన్నా చాలా లాభం.

తపాలాలో పంపదలచినవారు కొలత ముందే నిర్ణయించుకోవాలి. ఉత్తరాల రుసుము 20 గ్రాముల చొప్పున పెరుగుతుంది. 250 జీఎస్ఎం ఉన్న ఏ4 షీటు దాదాపు 15.6 గ్రాములు తూగుతుంది కనుక దాన్ని ఒక్కసారి మడిచి చేసిన పెద్ద కార్డు, కవరూ అలంకరణా కలిస్తే మొదటి 20 గ్రాములను దాటిపోతుంది. అదే షీటును రెండు ముక్కలు చేసి, ఒక్కొక్కదాన్ని మడిస్తే కార్డు 7.8 గ్రాములే ఉంటుంది, 114 × 162 మిల్లీమీటర్ల కవరులో అమరుతుంది, జరీకీ దారానికీ పూలకూ బరువు మిగులుతుంది. గుండీలూ కుందన్లూ వంటి ఎత్తైనవి ఉన్న కార్డును తపాలాకు ఇవ్వకపోవడమే మంచిది. ముద్ర వేసేటప్పుడు కవరు మీద దెబ్బ పడుతుంది, కట్టల్లో నలుగుతుంది. అటువంటివి కాజీపేటలోనో వరంగల్‌లోనో ఉన్న దగ్గరివారికి స్వయంగా ఇవ్వడానికి ఉంచుకుని, దూరం వెళ్లేవాటికి కుట్టిన ముగ్గునూ అదిమిన తంగేడు రేకులనూ వాడాలి. పూలు ఉన్న కార్డు ముఖం మీద ఒక పలుచని కాగితం వేసి కవరులో పెడితే రేకులు కవరుకు రాసుకోకుండా చేరుతాయి.